ఆ రెండేళ్ల చదువుకూ మీ దరఖాస్తులో చోటివ్వండి

అమెరికాలోని తెలుగు సంఘాల విద్యా కమిటీ సభ్యులకు, యువజన కార్యక్రమాలు చూసే పెద్దలకు నమస్కారం.

నేను ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ దగ్గర ఉంటాను. పానీయాలు సీసాల్లో నింపే ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ టెక్నీషియన్‌ని. లైను ఆగిందంటే మీటరు, లాప్‌టాప్, రెంచీల సంచీ పట్టుకుని వెళ్లేవాళ్లలో నేనొకదాన్ని. ఈ పని నాకు నేర్పింది ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ల డిగ్రీలిచ్చే ప్రభుత్వ కాలేజీ. అందులో నేను చదివింది ఎలక్ట్రోమెకానికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ, రెండేళ్ల కోర్సు. పగలు ఇల్లు చూసుకుంటూ సాయంత్రం తరగతులకు వెళ్లడం వల్ల నాకు మూడున్నరేళ్లు పట్టింది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా పక్కింటి అబ్బాయి. ఇరవై ఏళ్లవాడు, ఇక్కడే పుట్టాడు. నేను చదివిన కోర్సే ఇప్పుడు చదువుతున్నాడు. వాళ్ల నాన్నగారు ఆరోగ్యం బాగోక ఉద్యోగం మానేశారు. వాళ్లమ్మ ఇండియన్ గ్రాసరీ స్టోరులో పనిచేస్తుంది. పోయిన ఏడాది ఒక తెలుగు సంఘం స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడదామని నేనే వాణ్ణి కూర్చోబెట్టాను. ఫారం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: నాలుగేళ్ల డిగ్రీ కోర్సులో చేరినవారు మాత్రమే అర్హులు. వాడు లాప్‌టాప్ మూసేసి, "పర్లేదు ఆంటీ" అన్నాడు.

నేను ఊరుకోలేక కమిటీలో ఒకరికి ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. "అది చదువు కాదని నేననడం లేదమ్మా. కానీ మన దాతలు డబ్బిచ్చేది ఇంజనీర్లు కావాలనుకునే పిల్లలకి" అన్నారు. కసురుకుని ఉంటే ఆ మాటను మర్చిపోయేదాన్నేమో. అంత మెత్తగా చెప్పారు కాబట్టే నిద్ర పట్టలేదు. ఆ సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ వాక్యం ఆ ఒక్క ఫారంలోనే ఉందని నేననుకోవడం లేదు, అందుకు.

ఆ రాత్రి వాళ్లమ్మ ఇంకో మాట చెప్పింది. "అక్కా, ఫంక్షన్లలో అందరూ అడిగితే కంప్యూటర్స్ చదువుతున్నాడని చెబుతున్నాను" అంది. తన బిడ్డ చదువును దాచుకోవలసిన అవసరం ఒక తల్లికి ఎందుకు వచ్చిందో మనమందరం కూర్చుని ఆలోచించాలి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా మొహం చూడలేకపోయింది.

నా సంగతి కొంత చెప్పాలి. లేకపోతే ఈ కోర్సు మీద నాకింత పట్టుదల ఎందుకో అర్థం కాదు.

మాది పల్నాడు. నేను బీటెక్ ఈఈఈ చదివాను, ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇండక్షన్ మోటారు స్లిప్ ఎంతో, టార్క్ గీత ఎక్కడ వంగుతుందో నిద్రలో లేపి అడిగినా గీసి చూపించేదాన్ని. కానీ ఆ నాలుగేళ్లలో ఒక్క మోటారు మూత కూడా విప్పలేదు. ల్యాబులో బ్యాచికి ఎనిమిది మందిమి. ఒకరు రియోస్టాట్ జరిపితే మిగతావాళ్లం రీడింగులు రాసుకునేవాళ్లం. పెళ్లయి హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యాపిల్లలకిచ్చే వీసా మీద, ఇక్కడికి వచ్చాను. గ్రీన్ కార్డు వచ్చేదాకా తొమ్మిదేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఆ తర్వాత ఉద్యోగాలకు వెళితే, చదివి ఇన్నేళ్లయింది, అనుభవం లేదు అన్నారు. ముప్ఫై ఏడేళ్ల వయసులో కమ్యూనిటీ కాలేజీ మెట్లెక్కాను.

రెండో సెమిస్టర్‌లో మోటారు కంట్రోల్స్ క్లాసు. మా మాస్టారు ఇరవై ఏళ్లకు పైగా స్టీలు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసిన మనిషి. బల్ల మీద చిన్న త్రీ ఫేజ్ మోటారు పెట్టి, మూడు ఫ్యూజుల్లో ఒకటి పీకేసి, స్టార్ట్ బటన్ నొక్కమన్నారు. నొక్కాను. మోటారు తిరగలేదు. మూలిగింది.

ఆ మూలుగు నాకు తెలుసు. చిన్నప్పుడు మా మిరప తోటలో బోరు దగ్గర విన్నాను. రాత్రి పూట కరెంటు. ఒక ఫేజు పోయిందని ఎవరికీ తెలియదు. నాన్న టార్చిలైటు పట్టుకుని స్టార్టరు డబ్బా దగ్గర నిలబడి మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు. తెల్లారేసరికి మోటారు కాలిపోయింది. మూడు కర్రలు నాటి, చెయిన్ పుల్లీతో పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, మోటారును ట్రాక్టరు మీద నరసరావుపేట వైండింగ్ షాపుకు తీసుకెళ్లారు. అది తిరిగొచ్చేలోపు రెండెకరాలు వాడిపోయాయి. "లో వోల్టేజీ" అని ఊరంతా అనుకున్నాం. నేను ఈఈఈ చదివి కూడా అలాగే అనుకున్నాను.

మాస్టారు ఫ్యూజు తిరిగి పెట్టి, మోటారు తిరుగుతుండగా మళ్లీ పీకారు. ఈసారి మోటారు ఆగలేదు. క్లాంప్ మీటరు పెట్టి చూస్తే మిగిలిన రెండు తీగల్లో కరెంటు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటి పోయింది. తిరుగుతోంది కదా అని రైతు అనుకుంటాడు, నీళ్లు కూడా వస్తుంటాయి, లోపల వైండింగు కాలుతుంటుంది. దీన్నే సింగిల్ ఫేజింగ్ అంటారు. ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా సెట్ చేసి ఉంటే మోటారును ఆపేస్తుంది. కానీ మాటిమాటికీ ఆపేస్తోందని మన ఊళ్లలో ఆ రిలేనే తప్పించి వైరు కలిపేస్తారు. మా స్టార్టరు డబ్బాలోనూ అలాగే కలిపి ఉందని ఆ రోజు ఇంటికి వెళ్లి నాన్నకు ఫోన్ చేస్తే తెలిసింది. పాతికేళ్ల కిందటి సంగతి ఆయనకు ఇంకా గుర్తుంది. ఎందుకు కాలిందో నేను వివరిస్తుంటే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అప్పటినుంచి, ఇది ఇంజనీరింగ్ కాదు అని ఎవరైనా అంటే నాకు ఆ మోటారే కళ్ల ముందు కనిపిస్తుంది.

ఈ కోర్సులో ఏముంటుందో మీలో చాలామందికి చూసే అవకాశం వచ్చి ఉండదు. మొదట డీసీ, ఏసీ సర్క్యూట్లు, కొలతలు, బ్లూప్రింట్ చదవడం. తర్వాత గాలితో, నూనె ఒత్తిడితో నడిచే సిలిండర్లు, అంటే న్యూమాటిక్స్, హైడ్రాలిక్స్. బేరింగులు, గేర్లు, బెల్టులు. ఒక మోటారు షాఫ్టును పంపు షాఫ్టుతో వెంట్రుక వాసి తేడా లేకుండా సరిచేయడం ఒక వారం పాఠం. ఆ తర్వాత మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు, సెన్సర్లు, రోబోలు, మెషీన్లను నడిపే చిన్న కంప్యూటరైన పీఎల్‌సీ. వీటితోపాటు లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లీషు వ్యాసం. మెకానికల్ వాళ్లకు కరెంటు అంటే భయం, ఎలక్ట్రికల్ వాళ్లకు గ్రీజు అంటే చిరాకు అని మా మాస్టారు అనేవారు. మెషీను ఆగినప్పుడు తప్పు ఏ వైపుదో ఎవరికీ తెలియదు. రెండూ తెలిసినవాళ్లే దాన్ని పట్టుకోగలరు.

పీఎల్‌సీ గురించి ఒక్క మాట, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్ల కోసం. 1968 ప్రాంతంలో జనరల్ మోటార్స్ వాళ్ల హైడ్రామాటిక్ విభాగానికి ఒక తలనొప్పి ఉండేది. కారు మోడల్ మారినప్పుడల్లా వందల రిలేల, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చుల, వైరింగ్ విప్పి మళ్లీ వేయాల్సి వచ్చేది. దానికి జవాబుగా డిక్ మోర్లీ బృందం మాసచూసెట్స్‌లో మోడికాన్ 084 అనే కంట్రోలరును తయారుచేసింది. దాన్ని ప్రోగ్రాం చేసే భాష నిచ్చెన మెట్లలా ఉంటుంది, అందుకే లాడర్ లాజిక్ అంటారు. ఎలక్ట్రీషియన్లు అప్పటికే చదవగలిగిన రిలే బొమ్మల్లాగే ఉండాలని దాన్ని అలా పెట్టారు. అంటే ఫ్లోరు మీద పనిచేసే మనిషి చదవగలగాలని పుట్టిన ప్రోగ్రామింగ్ భాష అది. యాభై ఏళ్లు దాటినా చాలా ఫ్యాక్టరీలు ఇప్పటికీ దానితోనే నడుస్తున్నాయి. మా పక్కింటి అబ్బాయి "కంప్యూటర్స్ చదువుతున్నాడు" అన్న మాటలో వాళ్లమ్మ అనుకున్నంత అబద్ధం లేదు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మొదటి వారమే మాకు తలా ఒక ఎర్ర తాళం ఇచ్చారు. మెషీన్‌లో చెయ్యి పెట్టే ముందు దాని స్విచ్చి ఆపి, నీ తాళం నువ్వే వేసి, నీ పేరున్న చీటీ తగిలించి, తాళంచెవి నీ జేబులోనే ఉంచుకోవాలి. అంతటితో అయిపోదు. మీటరును ముందు కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందా చూడాలి. తర్వాత ఆపిన చోట పెట్టి కరెంటు లేదని నిర్ధారించుకోవాలి. మళ్లీ కరెంటున్న చోట పెట్టి, మీటరు ఈలోపు చెడిపోలేదని చూసుకోవాలి. లాకౌట్, టాగౌట్ అనే ఈ నియమాన్ని అమెరికా ప్రభుత్వం 1989లో తెచ్చింది. మన దగ్గర లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైను ఆపామన్న అనుమతి, తీసుకుని స్తంభం ఎక్కుతాడు. అవతలివాడి మాట మీద ప్రాణం పెట్టి ఎక్కుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి చనిపోయిన రైతులు మన ఊళ్లన్నిటా ఉన్నారు, మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఒక్కరినైనా ఎరుగుదురు. ఆ తాళం చేతిలో పెట్టినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు.

కమ్యూనిటీ కాలేజీ అంటే నాలుగేళ్ల కాలేజీలో సీటు రానివాళ్లు వెళ్లేచోటు అని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. కానీ దాని చరిత్ర వేరు. ఇల్లినాయ్‌లోని జోలియట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్న ఇలాంటి ప్రభుత్వ కాలేజీల్లో మొదటిది అదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులు తిరిగొచ్చి చదువులకు ఎగబడినప్పుడు, అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ 1947లో ఇలాంటి కాలేజీలు దేశమంతా ఉండాలని చెప్పింది. మా ఒహాయోలోని డేటన్‌లో సింక్లెయిర్ కాలేజీ 1887లో వైఎంసీఏ రాత్రి బడిగా పుట్టింది. అక్కడ మొదట చెప్పిన పాఠాల్లో మెకానికల్ డ్రాయింగ్ ఒకటి. పగలంతా పనిచేసినవాడు రాత్రి చదువుకోవాలన్న ఆలోచనతో కట్టిన చదువు ఇది. నా క్లాసులో సైన్యం నుంచి వచ్చినవాళ్లు, ఫ్యాక్టరీలు ఫీజు కట్టి పంపినవాళ్లు, సోమాలియా నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లలు ఉండేవారు. తెలుగువాళ్లలో నేనొక్కదాన్నే.

ఖర్చు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, పిల్లల్ని చదివిస్తున్నారు. దేశం మొత్తం మీద సగటున కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ స్థానికులకు ఏడాదికి సుమారు 4,000 డాలర్లు. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో అది 11,000 దాటుతుంది. కెంటకీలో టయోటా 2010లో మొదలుపెట్టిన ఫేమ్ అనే పద్ధతిలో వారానికి రెండు రోజులు కాలేజీ, మూడు రోజులు ఫ్యాక్టరీలో జీతంతో పని. ఇప్పుడది చాలా రాష్ట్రాలకు పాకింది. మా దగ్గర మేరీస్‌విల్‌లో హోండా 1982 నుంచి కార్లు తయారుచేస్తోంది. ఇంటెల్ 2022లో లికింగ్ కౌంటీలో చిప్ ఫ్యాక్టరీ కడతామని ప్రకటించింది. దాని గడువులు చాలా ఏళ్లు వెనక్కి పోయాయి, కాబట్టి ఒక్క కంపెనీ మాట నమ్ముకుని ఈ చదువులో చేరమని నేనెవరికీ చెప్పను. కానీ న్యూ ఆల్బనీ వైపు ఒకసారి కారులో వెళ్లి చూడండి, వరసగా డేటా సెంటర్లు. మనవాళ్లు రాసే కోడ్ చాలావరకు నడిచేది ఇలాంటివాటిలోనే. అక్కడ చల్లబరిచే చిల్లర్లు, జనరేటర్లు, కరెంటు పంచే స్విచ్‌గేర్లు ఇరవై నాలుగు గంటలూ చూసుకునే మనుషులు కావాలి. ఆ మనుషులు చదివేది ఈ చదువే.

ఇంతవరకూ పొగిడాను. ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి తెలియక నష్టపోయినవాళ్లను చూశాను. పిల్లలకు వీటిని ముందే చెప్పగలిగే చోటు మీ వేదికలే.

ఒకటి, కమ్యూనిటీ కాలేజీలో ఇచ్చే రెండేళ్ల డిగ్రీలన్నీ ఒక్కటి కావు. అసోసియేట్ ఆఫ్ సైన్స్ తీసుకుని కాల్‌క్యులస్, ఫిజిక్స్ పూర్తిచేస్తే యూనివర్సిటీ ఇంజనీరింగ్‌లో మూడో ఏడాదికి వెళ్లే దారి ఉంటుంది. నేను చదివింది అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్. అది నేరుగా పనికి పంపే చదువు. దాన్నుంచి పై చదువుకు వెళ్లాలంటే ఇంజనీరింగ్ టెక్నాలజీ అనే నాలుగేళ్ల డిగ్రీలో కలవడం సులువు, మామూలు ఇంజనీరింగ్‌లో కలవాలంటే చాలా క్రెడిట్లు పోతాయి. మన ఊళ్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లను మనం ఎంత గౌరవంగా చూస్తామో గుర్తు చేసుకోండి. ఇక్కడా అలాంటి దారులున్నాయి. కాకపోతే ఏ కాలేజీకి ఏ యూనివర్సిటీతో ఒప్పందం ఉందో చేరకముందే కనుక్కోవాలి.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. హెచ్4 మీద ఉన్న పిల్లలు చదువుకోవచ్చు, కానీ ఇరవై ఒకటి నిండితే ఆ వీసా ఉండదు. ఎఫ్1 విద్యార్థి రెండేళ్ల డిగ్రీ చేస్తే ఒక ఏడాది ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, దొరుకుతుంది, సైన్స్, ఇంజనీరింగ్ వంటి స్టెమ్ చదువుల వాళ్లకిచ్చే మరో రెండేళ్ల పొడిగింపుకు మాత్రం కనీసం బ్యాచిలర్స్ ఉండాలి. హెచ్1బీ ఉద్యోగానికీ అంతే. ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు పౌరులకు, గ్రీన్ కార్డు వంటివి ఉన్నవాళ్లకే వస్తుంది. కాబట్టి హెచ్4 పిల్లలకు ఈ కోర్సుతో ఆగిపొమ్మని చెప్పకూడదు. పై డిగ్రీకి మారే దారి చూపించే చెప్పాలి. పౌరులైన పిల్లలకు ఈ అడ్డంకులు లేవు. మన సంఘాల్లో ఇప్పుడు ఎదుగుతున్న తరంలో అలాంటి పిల్లలు ఎంతోమంది. వాళ్లకు అడ్డంకిగా ఉన్నది మన ఫారంలోని వాక్యమే.

మీ మహాసభల యువజన వేదికల్లో వైద్యులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, కంపెనీలు పెట్టినవాళ్లు మాట్లాడతారు. వాళ్లంటే నాకు గౌరవం. వాళ్ల పక్కన ఒక కుర్చీ ఎలివేటర్లు బాగుచేసేవాళ్లకో, విండ్ టర్బైన్ ఎక్కేవాళ్లకో, ఆస్పత్రిలో ఎంఆర్ఐ మెషీన్లు చూసుకునేవాళ్లకో వేయమని అడుగుతున్నాను. తెలుగువాళ్లలో ఎవరూ దొరకరనుకోకండి. దొరకనట్టు అనిపించేది వాళ్లు ఫంక్షన్లలో తమ పని పేరు చెప్పడం మానేశారు కాబట్టి. మా ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్ అనే పథకం కింద బడి పిల్లలు ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో ట్యూషన్ కట్టకుండానే క్లాసులు చదువుకోవచ్చు. పదో తరగతి పిల్ల కూడా ఒక సెమిస్టర్ ఇలాంటి క్లాసు తీసుకుని చూడొచ్చు. ఈ సంగతి తెలిసిన తెలుగు తల్లిదండ్రులు నాకు నలుగురైదుగురికి మించి తగల్లేదు. మీరు పంపే ఈమెయిళ్లు వేల ఇళ్లకు వెళతాయి.

ఇక ఫారం. "నాలుగేళ్ల డిగ్రీ కోర్సులో" అన్నచోట "రెండేళ్ల లేదా నాలుగేళ్ల డిగ్రీ కోర్సులో" అని మార్చండి. దాతలు ఒప్పుకోరేమో అన్నారు. వాళ్లను నేనే అడుగుతాను, ఫోన్ నంబర్లు ఇవ్వనక్కర్లేదు, సమావేశంలో ఐదు నిమిషాలు ఇవ్వండి చాలు. వాళ్లలో చాలామంది పొలం అమ్మో, పొలం మీద అప్పు తెచ్చో చదువుకున్నవాళ్లే. మోటారు కాలితే ఇంట్లో ఏమవుతుందో వాళ్లకు నేను వివరించక్కర్లేదు.

మా అబ్బాయి, అంటే మా పక్కింటి అబ్బాయి, వచ్చే మే నెలలో కోర్సు పూర్తిచేస్తాడు. వాడికి మీ డబ్బు ఇక అందదు, తెలుసు. వాడి తర్వాత చేరేవాళ్ల కోసం అడుగుతున్నాను. మీ తర్వాతి సభలో పిల్లల కోసం ఒక స్టాలు పెట్టడానికి వాడూ నేనూ సిద్ధం. చిన్న పీఎల్‌సీ, మూడు దీపాలు, ఒక బుల్లి మోటారు మేమే తెస్తాం. పిల్లలు ఫ్యూజు పీకి ఆ మూలుగు వినొచ్చు, ఎర్ర తాళం తమ చేత్తో వేసి చూడొచ్చు. వాళ్లమ్మ కూడా వస్తానంది, స్టాలు దగ్గర నిలబడి ఇది మా అబ్బాయి చదువు అని చెబుతానంది. మాకు కావలసింది ఒక బల్ల, గోడకు ఒక ప్లగ్గు.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ టెక్నీషియన్,
కొలంబస్, ఒహాయో